చద్ది నీళ్ళు

శ్రీముఖలింగానికి మూడు కిలోమీటర్ల దూరంలో, వంశధార గట్టు దిగువన ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఏది చద్ది, ఏది కాదు అని తేలకపోతే లక్ష్మీకామేశ్వరిని అడుగుతారు. ఆవిడకు అరవై ఆరేళ్ళు. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది గాని తీర్పులు ఎప్పుడూ ఆగలేదు. రాత్రి నానబెట్టిన మినప్పప్పు చద్ది కాదు. రాత్రి వార్చిన అన్నం, ఎంత వేడి చేసినా, చద్దే. నేతిలో వేగినది వారం రోజులైనా చద్ది కాదు. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు సంగతి ఆరేళ్ళుగా ఇంకా విచారణలోనే ఉంది.

భర్త పోయాక ఆవిడ తమ్ముడు కూర్మనాథం ఇంటికి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ తెల్లవారుజామున నాలుగింటికి పెరట్లో రాగి బాయిలర్ రాజేసింది ఆవిడే. నడుమెత్తు బాయిలర్. మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. సరుగుడు పుల్లలతో మంట అందించి, పలాస నుంచి బస్తాల్లో వచ్చే జీడిపిక్కల తొక్కు గుప్పెళ్ళతో వేసేది. జీడితొక్కు బాగా మండుతుంది. దాని పొగ ఇంకా బాగా మండుతుంది, కళ్ళలోనూ గొంతులోనూ. నాలుగైందని వీధిలో వాళ్ళకు తెలిసేది కూర్మనాథం దగ్గుతోనే.

కూర్మనాథం హైస్కూల్లో తెలుగు మాస్టారు. కాని ఆయన తన అసలు పని అది అనుకోడు. ఊళ్ళో రామాలయంలో ధనుర్మాసం ముప్ఫై రోజులూ తెల్లవారకముందే మేలుకొలుపు పాడేది వాళ్ళ ఇల్లే. తాత పాడాడు, తండ్రి పాడాడు, ఇప్పుడు ఆయన. దానికి దక్కేది చివరి రోజున ఒక శాలువా, రోజూ దోసెడు చక్కెర పొంగలి. ఆ నెల్లాళ్ళూ ఆయన వీధిలో నడిచే తీరే వేరుగా ఉంటుంది.

కిందటేడు పదకొండో రోజున పాట మూడో చరణం దగ్గర దగ్గు వచ్చింది. వచ్చి వెళ్ళలేదు. ఆ రోజు రాముడు మేలుకున్నది పాటకు కాదు. ఆ తరవాత రోజూ అదే చరణం దగ్గర అదే దగ్గు. గుడి పెద్ద నారాయణమూర్తి పన్నెండెకరాల రైతు, మెత్తని మనిషి. నెల పూర్తవగానే శ్రీకాకుళం వెళ్ళి ఒక స్పీకరు పెట్టె, ఒక పెన్‌డ్రైవు కొనుక్కొచ్చాడు.

"తవరేటీ అనుకోకండి పంతులుగారూ. ఊరికే, దగ్గర ఉంటాదని. గంట మోగినప్పుడు తవరు పాడితే పాడతారు. లేదంటే ఇదెట్టీసుకుంటాం. ఇది దగ్గదు."

ఆ చివరి మాట కూర్మనాథం ఏడాదంతా మోశాడు.

పాతపట్నంలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "పొగైనా మానండి, పాటైనా మానండి" అన్నాడు. కార్తీకం వెళ్ళగానే కూర్మనాథం సోలార్ వాటర్ హీటరుకు కబురు చేశాడు.

బిగించడానికి గిరిబాబు వచ్చాడు. మేడ మీద పదిహేను గాజు గొట్టాలు ఏటవాలుగా పేర్చి, వాటి నెత్తిన రెండొందల లీటర్ల డ్రమ్ము కూర్చోబెట్టాడు. దాని పక్కన దిమ్మ మీద ఉన్న చల్లనీళ్ళ ట్యాంకు నుంచి డ్రమ్ము అడుగుకు పైపు వేశాడు. సాయంత్రం పెరట్లో కాఫీ తాగుతూ తన సరుకు గురించి చెప్పాడు.

"సూరీడు పగలల్లా కాస్తాడు గదండీ. గొట్టాల్లో నీళ్ళు కాగి, పైకెళ్ళి డ్రమ్ములో కూకుంటాయి. తెల్లారగట్ల నాలుక్కి కుళాయి తిప్పండి, పొగలొస్తాయి."

లక్ష్మీకామేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "నాలుగింటికి వచ్చే నీళ్ళు ఎప్పుడు కాగినవి నాయనా?"

"నిన్న పగలు కాగినవేనండి."

"నిన్నటివా?"

"మరే. డ్రమ్ము సుట్టూ దళసరిగా కట్టీసుంటాది. ఏడి పోదు."

"వేడి సంగతి కాదు. నిన్న కాగినవా అని."

గిరిబాబుకు ఉత్సాహం వచ్చింది. "నిన్నేటండి అమ్మగారూ, మబ్బేసిందనుకోండి, మొన్న కాగినవి కూడా ఉంటాయి!"

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "అయితే చద్ది నీళ్ళు. చద్ది నీళ్ళు పోసుకుని దేవుణ్ణి లేపడానికి వెళ్తావుట్రా కూర్మం?"

"నీళ్ళకు చద్ది ఏవిటక్కయ్యా? వంశధారలో నీళ్ళు ఎప్పటివి?"

"అవి పచ్చినీళ్ళు. పచ్చిదానికి చద్ది లేదు. బియ్యం ఏడాదైనా నిలవుంటాయి. వండావా, తెల్లారేసరికి చద్ది."

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు వ్యాకరణం చెబుతున్న మనిషి ఈ సూత్రానికి మినహాయింపు వెతకడం మొదలుపెట్టాడు.

కూర్మనాథం భార్య విశాలి బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా అంది: "పోనీ ఒదినగారూ, డ్రమ్ములో ఓ చెంచాడు నెయ్యి వేస్తే? నేతిలో కాగినవి చద్ది కావు కదా."

ఈవిడ ఎప్పుడు వేళాకోళం ఆడుతుందో, ఎప్పుడు నిజంగా అంటుందో పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గిరిబాబుకు కాఫీ పొలమారింది.

"నెయ్యేటి తల్లీ! అలాటి పని సెయ్యకండి! గేరంటీ ఎగిరిపోద్ది!"

లక్ష్మీకామేశ్వరి ఆ సూచనను మాత్రం పక్కన పడెయ్యలేదు. కాసేపు ఆలోచించింది. "లాభం లేదు. నేతిలో నీళ్ళు వేగాలి గాని, నీళ్ళ మీద నెయ్యి తేలితే ఏం ప్రయోజనం?" అంది.

మర్నాడు నాలుగింటికి మళ్ళీ రాగి బాయిలరే రాజింది. మేడ మీద కొత్త హీటరు ఉన్నా, ఇంటి మీదుగా పొగ పాతదారినే పోయింది. కూర్మనాథం స్నానం చేసి, పడమటి గదిలో కూర్చుని మేలుకొలుపు అందుకున్నాడు. మూడో చరణం దగ్గరకు రాగానే దగ్గు వచ్చింది. లక్ష్మీకామేశ్వరి చేతిలో జీడితొక్కు చేతిలోనే ఉండిపోయింది. దగ్గు ఆగేదాకా ఆవిడ దాన్ని నిప్పులో వెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర తీర్పు సవరించింది.

"ఒరే, గ్రహణం పూట ఊరగాయ జాడీ మీద ఏం వేస్తాం?"

"దర్భ."

"వేస్తే?"

"దోషం అంటదు."

"మరి అంత చదువూ చదివి ఏం లాభం?"

డ్రమ్ముకు మూత లేదు. పక్కన చల్లనీళ్ళ ట్యాంకుకు ఉంది. ఎటూ ఆ నీళ్ళే డ్రమ్ములోకి వెళ్తాయి కనుక దర్భ అందులో వేస్తే చాలునని తేలింది. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ మేడ ఎక్కి, ట్యాంకు మూత తీసి గుప్పెడు దర్భ వేసి వచ్చేది.

"ఒక పోచ చాలదా అక్కయ్యా?"

"రెండొందల లీటర్లకు ఒక పోచా? ఊరగాయ జాడీ అనుకున్నావా?"

ఎనిమిది రోజులు హాయిగా గడిచాయి. పొగ లేదు. వీధిలో వాళ్ళకు నాలుగైందని తెలియక ఇద్దరు పాలవాళ్ళు ఆలస్యంగా లేచారు. కూర్మనాథం గొంతు మెల్లగా దారికొచ్చింది. తొమ్మిదో రోజున నెలగంట పెట్టారు, ధనుర్మాసం వచ్చింది.

మొదటి రోజు. నాలుగూ పదికి కూర్మనాథం ఒంటి నిండా సబ్బు రాసుకుని మళ్ళీ కుళాయి తిప్పాడు. కుళాయి ఒకసారి ఉమ్మింది. రెండోసారి గాలి వదిలింది. మూడోసారి ఏమీ చెయ్యలేదు.

"విశాలీ! నీళ్ళు రావటం లేదు!"

నాలుగూ ముప్పావుకు గుడిలో గంట మోగుతుంది. మోగేసరికి ఆయన అక్కడ లేకపోతే పెన్‌డ్రైవు పాడుతుంది. ఒక రోజు పాడిందంటే రెండో రోజూ పాడుతుంది. దానికి చలి లేదు, సబ్బు లేదు.

విశాలి గిరిబాబుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"ఏటమ్మా ఇంత పెందలాడే? ట్యాంకీలో ఏటైనా పడిందేటి?"

"పడలేదు. వేశాం. దర్భ."

"దర్భంటే?"

"పూజకు వాడే గడ్డి."

"గడ్డి! ట్యాంకీకి గడ్డెట్టినారా? అది ఆవుకి గదండీ ఎట్టాల! ఎన్ని పోసలు?"

"రోజుకు గుప్పెడు. ఎనిమిది రోజులు."

"ఓలమ్మో. అయితే మజ్జిన పైపు మూసుకుపోనాది. ట్యాంకీ నీళ్ళు డ్రమ్ములోకి దిగవు, అవి దిగితేగాని డ్రమ్ములోవి కుళాయికి రావు. డ్రమ్ము అడుగున సిన్న వాల్వున్నాది. అది తిప్పి బిందెతో పట్టుకోండి. సెయ్యి కాల్తాది, జాగర్త."

విశాలి ఫోను పెట్టేసి, ఆడపడుచు వైపు చూసింది. "ఒదినగారూ, ఒక మాట. దర్భంతా పైపులోనే ఉండిపోయిందిట. అంటే పచ్చినీళ్ళకే తగిలింది గాని, డ్రమ్ములో కాగినవాటికి తగల్లేదు. ఎనిమిది రోజులుగా ఈయన పోసుకున్నవి..."

పూర్తి చెయ్యలేదు. అక్కర్లేకపోయింది.

లక్ష్మీకామేశ్వరి పెరటి గుమ్మంలో నిలబడింది. ఎడమ పక్క రాగి బాయిలర్, దాని పక్కన మూతి విప్పని జీడితొక్కు బస్తా. రాజేస్తే అరగంట, పొగ. కుడి పక్క నూతి చప్టా. పుష్యం దగ్గర పడిన చలిలో నూతినీళ్ళు పోసుకుంటే గొంతు అక్కడే బిగుసుకుపోతుంది. ఎదురుగా మేడమెట్లు. స్నానాల గదిలోంచి చిన్న దగ్గు వినిపించింది, చలికి.

ఆవిడ ఇత్తడి బిందె తీసుకుని మేడ ఎక్కింది.

రెండు నిమిషాలకు పొగలు కక్కుతున్న బిందెతో దిగింది. దిగేటప్పటికి ఆవిడ ముఖం పూర్తిగా మారిపోయి ఉంది. తమ్ముడు చెయ్యని తప్పేదో దొరికినట్టుగా ఉంది.

"ఏరా కూర్మం! సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి వండితే చద్ది ఏవిట్రా? అరసవల్లిలో ఆయన గుళ్ళో పొద్దున పెట్టిన ప్రసాదం రాత్రి ఇంటికి తెచ్చుకుంటే చద్ది అంటామా? ప్రసాదానికి చద్ది లేదు. ఈ ముక్క నువ్వు ఆ రోజే చెప్పకూడదూ? ఎనిమిది రోజులు నన్ను మేడ ఎక్కించి దింపావు!"

తలుపు సందులోంచి చెయ్యి వచ్చి బిందె లాక్కుంది. సబ్బుతో ఉన్న మనిషి వాదించడు.

కూర్మనాథం తలలోంచి నీళ్ళు కారుతుండగా గుడికి చేరేసరికి గంట మోగుతోంది. నారాయణమూర్తి సెల్‌ఫోను లైటు వెలుగులో పెన్‌డ్రైవు పట్టుకుని స్పీకరు పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇటు తిప్పితే ఎల్దు, అటు తిప్పితే ఎల్దు," అని గొణుక్కుంటూ తల ఎత్తి చూశాడు. "ఒచ్చీసినారా బాబూ! బతికించినారు. దీన్ని దూర్చే ఇద్దె నాకు రాదు."

కూర్మనాథం పాట అందుకున్నాడు. లక్ష్మీకామేశ్వరి తడిచీర కొంగు భుజాన కప్పుకుని స్తంభం పక్కన నిలబడింది. మూడో చరణం వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. చరణం పైకి వెళ్ళింది, అక్కడ నిలిచింది, దిగింది. ఏమీ కాలేదు. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసింది.

హారతి అయ్యాక నారాయణమూర్తి తల గోక్కుంటూ వచ్చాడు. "బాగా పాడినారు పంతులుగారూ. కానీ మాకే తికమకయిపోనాది. కిందటేడు తవరు దగ్గినకాడ సాష్టాంగం సేసీవోళ్ళం. ఈయేడు ఎక్కడ సెయ్యాలో తెలీలేదు."

పెన్‌డ్రైవును ఆయన చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ తరవాత అది ఆయన మనవరాలి సినిమా పాటలకు పనికొచ్చిందిట.

ఆ మధ్యాహ్నమే గిరిబాబు వచ్చి పైపు విప్పాడు. పిచికగూడంత దర్భ ఉండ బయటపడింది. లక్ష్మీకామేశ్వరి దాన్ని కళ్ళకద్దుకుని తులసి మొదట్లో పెట్టింది. రాగి బాయిలర్‌ను తోమించి, అందులో మట్టి పోసి కరివేపాకు మొక్క నాటింది. గొడవ అంతటితో తీరిందని అందరూ అనుకున్నారు.

కాని ఆవిడ ఒక తీర్పు చెప్పిందంటే దాన్ని చివరిదాకా నడుపుతుంది. రెండో రోజు నాలుగింటికి కూర్మనాథం చెంబు ఎత్తబోతుండగా తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

"ఒరే, ప్రసాదం కాళ్ళ మీద పోసుకోకు."

"మరి కాళ్ళు?"

"మోకాళ్ళ దాకా అవి. మోకాళ్ళ కింద నూతినీళ్ళు. పక్క బాల్చీలో పెట్టించాను."

"పైనుంచి పోసుకుంటే కిందికి జారవా అక్కయ్యా?"

తలుపు అవతల విచారణ జరుగుతోంది.

"జారితే దోషం లేదు. పొయ్యకూడదు."

ఆ నెల ముప్ఫై రోజులూ కూర్మనాథం గుడిలో ఒక్కసారి కూడా దగ్గలేదు. మేలుకొలుపు పాడుతున్నంతసేపూ నూతినీళ్ళ చలికి ఒక పాదం మీద ఇంకో పాదం వేసి రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఊళ్ళో వాళ్ళు అదేదో కొత్త ఆచారం అనుకున్నారు. ఆఖరి వారానికల్లా వెనక నిలబడ్డ వాళ్ళలో సగం మంది అలాగే రుద్దుకుంటున్నారు.