కొత్త చేతికి సగం వాటా

మొన్న పొద్దున్న ఒడ్డున నడుస్తుంటే తడిసిన కొబ్బరిపీచు మోకు వాసన ముక్కుకు తగిలింది. ఉప్పు, చేపల జిగురు, మనుషుల చెమట కలిసిన వాసన. బాగుంటుందని నేను చెప్పను. ఇప్పుడన్నీ నైలాను తాళ్లు, వాటికి ఏ వాసనా లేదు. ఎవరో పాత మోకును ఇసుకలో పడేశారు. దాన్ని చేతిలోకి తీసుకోగానే సూరమ్మ గుర్తొచ్చింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే మీ చేతిలోనూ ఏదో ఒకటి పెట్టేది.

పందొమ్మిది వందల అరవైల చివర మా రేవులో ప్రయాణికుల బంగళా ఒకటి ఉండేది. నేను కాపలాదారును, సూరమ్మ వంటమనిషి. నాకంటే బాగా పెద్దది, అక్క వరసలో అప్పా అని పిలిచేవాణ్ణి. ఊరు చూడవచ్చినవాళ్లు అరసవల్లిలో దర్శనం చేసుకుని, మా దగ్గర కాళ్లు తడుపుకుని, పొద్దుగూకకముందే ఆమదాలవలసలో రైలుకు పరుగెత్తేవారు. రాత్రి ఉండే నాథుడు లేడు. బంగళా మంచాలు మా కంటే సుఖపడేవి. దానికి నా నోరే కారణమని సూరమ్మ వాదన. ఒక పెద్దమనిషి "ఇక్కడ చూడ్డానికి ఏముందోయ్?" అని అడిగితే, "సముద్రం. చూసేశారుగా," అన్నాను. ఉన్నమాటే కదా!

"ఒరే అప్పన్నా, నీ నోట్లో ఇసక పొయ్య! సముద్రం ఉన్నాదని ఆల్లకి కనపడదేటి?"

"మరేటి సెప్పమంతావప్పా?"

"సెప్పకు. సేతిలో ఏదైనా ఎట్టు. సేతులు కాళీగా ఉన్నోడికి ఏ ఊరైనా ఇసుగే."

అంతలో కబురొచ్చింది. మనుషులు ఉండని బంగళా ఎందుకు, మూసేద్దామని పై ఆఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని. నాకైతే కూలో నాలో దొరుకుతుంది. సూరమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ పొయ్యి ఆరితే ఆమె బతుకే ఆరిపోతుంది. ఆ రోజు కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది.

ఆఫీసరు తెల్లచొక్కా, నుదుట నామంతో జీపు దిగాడు. నీసు ముట్టని మనిషి. మంచాలన్నీ చూసి, "ఇక్కడికొచ్చి జనం ఏం చేస్తారసలు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా సూరమ్మ నా కాలు తొక్కి, "రండి బాబూ, సూపిస్తాను," అని ఒడ్డుకు తీసుకెళ్లింది. అక్కడ జాలర్లు పెద్దవల లాగుతున్నారు. తనూ వరసలో దూరి మోకు పట్టుకుంది. రెండడుగులు వేసి, "బాబూ, ఇది ఓపాలి పట్టుకోండి, కొంగు బిగించుకుంతాను," అంది. పాపం, పట్టుకున్నాడు. ఆ కొంగు మధ్యాహ్నం దాకా బిగియలేదు.

వెనకనుంచి ఎవడో అరిచాడు. "ఎవుడ్రా ఆ తెల్ల సొక్కా? కాలు వాటంగా ఎట్టవయ్యా, పడిపోతావ్!"

నేను కళ్లు మూసుకున్నాను, మా ఉద్యోగాలు పోయాయనుకుని. తెరిచి చూస్తే ఆఫీసరు చెప్పులు విప్పేసి, కాలు వాటంగా పెట్టి, అందరికంటే గట్టిగా అరుస్తూ లాగుతున్నాడు.

వల ఒడ్డెక్కాక, వల పెద్ద ఎర్రయ్య వేలెడంత నెత్తళ్ల చేపలను ఇసుక మీద కుప్పలుగా పోశాడు. మోకు పట్టిన ప్రతి చేతికీ ఓ వాటా. ఆఫీసరు తన కుప్పను చూశాడు, పక్క కుప్పను చూశాడు.

"నాదేమిటి ఇంత చిన్నగా ఉంది?"

"కొత్త సెయ్యివి కదా బావా, సగం వాటాయే."

"బాబూ, తవరు నీసు తినరు కదా," అన్నాను, ఉండబట్టలేక.

"తినకపోతే? లాగలేదా నేను? పూర్తి వాటా ఎప్పుడిస్తారు?"

"రేపు బాగా లాగితే సూద్దుం," అన్నాడు ఎర్రయ్య.

జీపు వెళ్లిపోయింది. ఆఫీసరు ఉండిపోయాడు. అరచేతులు బొబ్బలెక్కితే సూరమ్మ వెన్న రాసింది, చెంచాతో పెరుగన్నం తిన్నాడు. తన నెత్తళ్లను వరండాలో ఎండబెట్టించి కాకులకు నన్ను కాపలా పెట్టాడు. మర్నాడు జీపు తిరిగొచ్చేలోగా పూర్తి వాటా తీసుకున్నాడు. తింటానన్న డ్రైవరుకు కూడా ఇవ్వకుండా, ఆఫీసులో చూపించాలని మూట కట్టుకున్నాడు. జీపెక్కుతూ, "వచ్చే నెల మా బావమరిదిని తీసుకొస్తాను. వాడికీ సగమే ఇవ్వండి," అన్నాడు. మూసే మాట మళ్లీ ఎత్తలేదు.

ధూళి అణిగాక అడిగాను. "అప్పా, కొత్త సెయ్యికి సగం వాటా అన్న ఆచారం మన రేవులో ఎప్పట్నుంచి ఉన్నాది?"

"నిన్నట్నుంచి," అని ఆమె పొయ్యి రాజేసింది.

సూరమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా నోరు మాత్రం మారలేదు. అరవై ఏళ్లు దాటేదాకా వేలిముద్రవాణ్ణే. చదువుకోమన్నవాళ్లందరినీ తిట్టి పంపాను. ఒకనాడు మనవరాలు, "తాతా, ఈ బలపం ఓపాలి పట్టుకో, జడేసుకుని వస్తాను," అని నా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ జడ ఎంతకీ పూర్తి కాలేదు. సూరమ్మను ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. అయినా నాకు నవ్వొచ్చింది. కాలు వాటంగా పెట్టుకుని పలక ముందు కూర్చున్నాను.

ఆ రోజు నా పేరులో సగమే వచ్చింది. అందుకే మర్నాడు మళ్లీ కూర్చున్నాను.