నడుము పట్టేసిన చోట మహా వినాశనం

మ్యూజియంలో శిలాజాల గదిని చూసుకునే ఆయన్ని వీధంతా చిప్పల మాస్టారంటుంది. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అడక్కపోయినా అందరికీ చెబుతాడు కనుక ఆ బిరుదు.

ఊరి చివర పాత క్వారీ గోడలో ఒకప్పటి సముద్రపు అడుగు పొరలుపొరలుగా రాయైపోయి ఉంది. ఏళ్ల తరబడి సెలవురోజుల్లో అక్కడికి పోయి, ప్రతి పొరలోంచీ ఆల్చిప్పలూ నత్తగుల్లలూ గీకి తెచ్చి, ఏ కాలంలో ఎన్ని రకాలు బతికాయో లెక్కగట్టాడు. కింది పొరల్లో రకాలు బోలెడు. పై పొరల్లోనూ బోలెడు. నడిమి పొరలో మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అంతే, మాస్టారికి మహా వినాశనం దొరికింది. సముద్రానికి ఊపిరాడలేదన్నాడు, నీళ్లు విషమయ్యాయన్నాడు. రోజూ భోజనాల దగ్గర భార్య ముందు ఆ జీవుల్ని ఒక్కో రకంగా చంపేవాడు.

మ్యూజియం పెద్ద మేడమ్‌కీ ఈ చావు కబురు నచ్చింది. జనం చచ్చినవాటిని చూడ్డానికే వస్తారని ఆవిడ నమ్మకం. గదిలో ఒక గోడంతా ఆ వినాశనం బొమ్మ వేయించి, కింద మాస్టారి పేరు రాయిస్తానంది. ఇక ఆయన కాళ్లు నేలకి ఆనలేదు. చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వడం మొదలుపెట్టాడు.

గోడ మీద రంగులు పడుతుండగా, బొమ్మ ముందు పెట్టడానికి ఇంకొన్ని చిప్పలు కావాలని క్వారీకి బయల్దేరాడు. భార్య తొలిసారి వెంట వెళ్లి, నీడలో కూర్చుని తీరిగ్గా చూసింది. కింది పొరల దగ్గర ఆయన ముక్కాలిపీట వేసుకుని గంటల కొద్దీ గీకాడు. పై పొరల దగ్గర నిలబడి హాయిగా గీకాడు. నడిమి పొర దగ్గర ఎగుడుదిగుడు రాళ్ల మీద పీట నిలవదు, నిలబడితే వంగాలి. వంగితే నడుము పట్టేస్తుంది. ఓ గుప్పెడు రాలగొట్టి, మూలుగుతూ నిటారుగా లేచాడు.

"ఎప్పుడూ ఇంతేనా?" అందావిడ.

"ఏమింతే?"

"అక్కడ బస్తాడు తీసి ఇక్కడ గుప్పెడు తీస్తే రకాలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ? అవి చచ్చింది సముద్రంలో కాదు, మీ నడుములో."

ఆవిడకి సైన్సు తెలియదన్నాడు మాస్టారు. అయితే ఇక్కడా బస్తా నింపి చూపించమంది. ప్యాంటు మాసిపోతుందని ఇన్నేళ్లూ చేయని పని చేశాడు: మోకాళ్ల మీద కూలబడి, పొద్దు వాలేదాకా పంతానికి గీకాడు. ఇంటికొచ్చి కడిగి పరిస్తే, మిగతా పొరల్లో ఉన్నవన్నీ అందులోనూ ఉన్నాయి. ఎవరూ చావలేదు.

ఆయనకి అన్నం సయించలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, భార్యకి తప్ప. అదే చిక్కు. చివరికి మేడమ్ గదికి వెళ్లి సంగతంతా చెప్పేశాడు.

"గోడంతా పూసిన నల్లరంగు ఆరిపోయింది కదా మాస్టారూ," అందావిడ. "ఇప్పుడు వాటిని బతికించడానికి గోడ మీద చోటెక్కడుంది?"

"అయితే నా పేరు తీసేయండి."

వద్దని బతిమాలుతుందేమోనని ఆశగా చూశాడు కూడా. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. కింద ఖాళీగా ఉంటే బాగోదని తన పేరు రాయించుకుంది.