బ్లాక్ నొక్కమన్న కాగితం

2012 జూన్‌లో నన్ను నిజామాబాద్ నుంచి బాన్సువాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి సబ్ డివిజనల్ ఇంజినీరుగా బదిలీ చేశారు. శాఖలో అది నడిమి మెట్టు. నా కింద ఒక జూనియర్ టెలికాం ఆఫీసరు, ఆయన కింద లైన్‌మెన్. నా పైన నిజామాబాద్‌లో డివిజనల్ ఇంజినీరు, అందరూ డి.ఇ. గారు అనేవారు. మా పుట్టిల్లు వర్ని దగ్గరే కాబట్టి ఊరు నాకు కొత్త కాదు. బీర్కూర్ దాకా ఏ స్తంభం ఏ పొలం గట్టున ఉందో మా లైన్‌మన్ గంగారాంకు తెలిస్తే, ఏ తీగ ఎంత బాగుందో నాకు అంకెల్లో తెలిసేది. కొలవనిదేదీ నమ్మను. పప్పులో ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేస్తానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆ స్వభావం వల్లే అక్కడ ఒక తప్పు చేశాను. అది నెల తిరిగేలోగా బయటపడినందుకు నాకు ఈనాటికీ ఊరటగా ఉంటుంది.

అప్పుడప్పుడే బ్రాడ్‌బ్యాండ్ ఇళ్ళలోకి వస్తోంది. దానితో పాటు కొత్తరకం ఫిర్యాదు ఒకటి మొదలైంది. మీ నెట్ పెట్టించుకున్నాకే మా కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని కౌంటరు దగ్గర తగాదా. రూలు ప్రకారం మా బాధ్యత మోడెం వరకే. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఏం జరిగినా మాకు సంబంధం లేదు. ఆ రూలు చెప్పి ఎన్నిసార్లు తప్పించుకుంటాం? ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు ఏ యాంటీవైరస్ మంచిదో, ఏ ఫైర్‌వాల్ మంచిదో పోల్చి చూసి, తెలుగులో ఒక్క పేజీ సూచన తయారుచేయమని డి.ఇ. గారు నాకు పని అప్పగించారు. నాలాంటి దానికి అది పండగ.

ఎక్స్ఛేంజిలో మూలపడిన మూడు కంప్యూటర్లను గంగారాం చేత దులిపించాను. యాంటీవైరస్, ఫైర్‌వాల్ రెండూ కలిసి ఉన్న నాలుగు రకాల సాఫ్ట్‌వేర్‌లు తెప్పించి, పేర్ల ప్రభావం నా మీద పడకూడదని వాటికి నంబర్లు ఇచ్చుకున్నాను. కంప్యూటర్‌తో పాటే వచ్చే మామూలు ఫైర్‌వాల్‌ను ఐదో నంబరుగా చేర్చాను. యాంటీవైరస్ పని కంప్యూటర్‌లోకి వచ్చిన ఫైళ్ళను సోదా చేయడం. ఫైర్‌వాల్ పని గుమ్మం దగ్గర నిలబడి, నెట్‌లోంచి లోపలికి ఎవరు వస్తున్నారో, లోపలి ప్రోగ్రాముల్లో ఏవి బయటికి పోతున్నాయో చూడడం. హాని చేయకుండా వైరస్‌లా కనిపించే పరీక్ష ఫైలు ఒకటి మా వృత్తిలో అందరికీ తెలుసు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఒక్కొక్క యాంటీవైరస్ ముందూ ఉంచాను. కంప్యూటర్ తెరుచుకోవడానికి పట్టే సమయం స్టాప్‌వాచీతో చూశాను. ఫైర్‌వాల్ కోసం ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాని తలుపులు తట్టాను. తర్వాత లోపలి నుంచి దొంగచాటుగా బయటికి పోయే చిన్న ప్రోగ్రాం ఒకటి నేనే రాసి నడిపించాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాలుగో నంబరు పట్టింది. పట్టడమే కాదు, మామూలు ప్రోగ్రాం బయటికి పోవాలన్నా ఒక చిన్న కిటికీ తెరిచి, ఫలానాది బయటికి పోతానంటోంది, పోనివ్వాలా, ఆపాలా అని అడిగేది. ఆ జాగ్రత్త చూసి ముచ్చటపడ్డాను. ఐదో నంబరు మాత్రం బయటికి పోయేవాటి గురించి నోరే మెదపలేదు. నాలుగుకు మొదటి స్థానం, ఐదుకు చివరి స్థానం ఇచ్చాను. కాగితం చివర పెద్ద అక్షరాలతో ఒక వాక్యం చేర్చాను: 'మీకు తెలియని పేరు గల ప్రోగ్రాం అడిగితే బ్లాక్ నొక్కండి.' కౌంటరులో అంటించి, కోరినవాళ్ళకు జిరాక్సు కాపీ ఇవ్వమన్నాను. డి.ఇ. గారు బాగుందన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత అప్పుడు నాకు గుర్తు రాలేదు.

నెల కాకముందే ఒక రిపీట్ ఫాల్ట్ నా బల్ల మీదికి వచ్చింది. ఒకే ఇంటి నుంచి ఒకే ఫిర్యాదు మూడోసారి నమోదైతే దాన్ని రిపీట్ ఫాల్ట్ అనేవాళ్ళం. దానికి సబ్ డివిజనల్ ఇంజినీరు స్వయంగా వెళ్ళి చూడాలన్నది మా పద్ధతి. ఫిర్యాదుదారు ఖాదర్, బోరు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్. నెట్ నడవడం లేదు, మరీ నెమ్మది అని రాయించాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం గంగారాంను వెంటబెట్టుకుని వెళ్ళాను. ముందు గది ఖాదర్‌ది, రాగి తీగ చుట్టలతో నిండి ఉంది. లోపలి గదిలో ఒక పక్క కుట్టు మిషను, ఇంకో పక్క కంప్యూటర్. ఆ గది అతని భార్య నూర్జహాన్‌ది. ఆమెకు పుట్టుకతో వినికిడి లేదు, మాట లేదు. బధిరుల బడిలో చదువుకుంది, తెలుగు చక్కగా చదువుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు జాకెట్లకూ సల్వార్లకూ ఆమె దగ్గరికే వస్తారని గంగారాం దారిలోనే చెప్పాడు.

"రెండు సార్లు వచ్చిండ్రు మేడం, లైన్ మంచిగుంది అని పోయిండ్రు," అన్నాడు ఖాదర్. "మంచిగుంటె గిట్లెందుకు నడుస్తుంది?"

మోడెంలోకి వెళ్ళి లైను అంకెలు చూశాను. సిగ్నల్‌కూ తీగలో చేరే గోలకూ మధ్య ఉండాల్సిన తేడా నిక్షేపంగా ఉంది. లైను తప్పు కాదు. అప్పుడు కంప్యూటర్ వైపు తిరిగాను. తెర అంచుకు టేపుతో అతికించి ఉంది నా కాగితం. తెర కింది మూలలో రెండు యాంటీవైరస్‌ల గుర్తులు. ఒకటి కంప్యూటర్ అమ్మినవాడు వేసిచ్చింది, రెండోది నా కాగితం చూసి ఖాదర్ వేయించింది. ఒకటికి రెండు ఉంటే మంచిది కదా అని మొదటిది తీయించలేదు. ఒక్క ఫైలు తెరిస్తే చాలు, రెండూ దాని మీద పడి సోదా చేస్తాయి, ఒకదాన్నొకటి అనుమానిస్తాయి. ఈ సంగతి విప్పి చెప్పబోతుంటే ఖాదర్ తనే అందుకున్నాడు. "ఒక మోటర్‌కు రెండు స్టార్టర్లు పెట్టినట్టు," అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. పాతదాన్ని తీసేసి కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేశాం. నెట్ తేలికగా నడిచింది.

నా పని అక్కడితో అయిపోవాలి. నూర్జహాన్ మిషను దగ్గర నుంచి లేచి, తెర మీద ఒక బొమ్మను వేలితో చూపించి, భర్తతో చేతులతో ఏదో గబగబా చెప్పింది. ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. ఏమిటని అడిగాను.

"గది మా ఇంటి లొల్లి మేడం, మీకెందుకు ఫికర్," అన్నాడు. అయినా చెప్పాడు.

నూర్జహాన్‌కు ఒక అక్క ఉంది, ఫరీదా. రాష్ట్ర సరిహద్దు అవతల దెగ్లూరులో ఉంటుంది. ఆమెకూ వినికిడి లేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఖాదర్ నమాజు నుంచి వచ్చే వేళకు ఇద్దరూ కంప్యూటర్‌లో వీడియో ప్రోగ్రాం తెరిచి, కెమెరా ముందు కూర్చుని సైగలతో మాట్లాడుకునేవాళ్ళు. సైగలకు రెండు చేతులూ కావాలి, ఎదుటి మనిషి ముఖమూ భుజాలూ కనబడాలి. చేతిలో పట్టుకునే ఫోనుతో అది కుదరదు. ఈ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నదే దాని కోసం. నెల కింద మాట్లాడినప్పుడు ఫరీదా కూతురి పెళ్ళి బట్టల దగ్గర మాట తేడా వచ్చింది. పెళ్ళికూతురికి హైదరాబాద్‌లో రెడీమేడ్ కొంటామని అక్క అంది. చెల్లెలు దర్జీ అయి ఉండగా అంగడి బట్టలా అని ఈమెకు రోషం. ఆ తర్వాతి వారం నుంచి అక్క పేరు పక్కన, అవతల మనిషి ఉన్నట్టు చూపే పచ్చ చుక్క రావడం లేదు. ఆ ప్రోగ్రాంలో నూర్జహాన్‌కు ఉన్నది ఆ ఒక్క పేరే. అక్క తనను తీసి పారేసిందని అనుకుంది.

ఖాదర్ తన తోడల్లుడికి ఫోను చేస్తే, మా ఆవిడ ప్రతి శుక్రవారం కంప్యూటర్ ముందు కూర్చుంటోంది, మీ ఆవిడే తెరవడం లేదు అన్నాడట. ఇటు చూస్తే నూర్జహానూ కూర్చుంటూనే ఉంది. అక్కచెల్లెళ్ళు అలిగి ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారని మగవాళ్ళిద్దరూ తేల్చుకుని ఊరుకున్నారు. ఒక మెసేజ్ పెట్టుకోవచ్చు కదా అన్నాను. "ఎవలు ముందు పెట్టాలె అన్నకాడ ఆగింది మేడం," అన్నాడు ఖాదర్. పెళ్ళి ఇంకో పన్నెండు రోజులుంది. తను రానని నూర్జహాన్ తెగేసి చెప్పింది. వాళ్ళకు ఇద్దరే తోబుట్టువులు.

ఇద్దరూ కూర్చుంటున్నారు, ఇద్దరికీ కనబడడం లేదు. అది అలక లక్షణం కాదు, ఫాల్ట్ లక్షణం. నేను కుర్చీ లాక్కుని ఫైర్‌వాల్ తెరిచాను. నాలుగో నంబరే, నా కాగితంలో మొదటి స్థానం వచ్చినదే. ఏ ప్రోగ్రాంను పోనిచ్చిందో, దేన్ని ఆపిందో అందులో ఒక జాబితా ఉంటుంది. మధ్యలో ఎర్ర గుర్తుతో వీడియో ప్రోగ్రాం ఉంది. ఆ ప్రోగ్రాం మూడు వారాల కింద తనంతట తాను కొత్త రూపానికి మారింది. మారాక బయటికి పోవడానికి లోపలి ఫైలు పేరుతో మళ్ళీ అనుమతి అడిగింది. ఆ పేరుకూ తెర మీది బొమ్మ కింద రాసి ఉన్న పేరుకూ పోలిక లేదు.

"మీ కాయితంల రాసినట్టే చేసింది మేడం," అన్నాడు ఖాదర్, భార్య చేతులు చూస్తూ. "పేరు చదివింది, తెల్వలే, బ్లాక్ కొట్టింది."

అక్కకు తలుపు మూసింది నూర్జహాన్ వేలు. ఆ వేలితో నొక్కించింది నేను. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదని ఆమెకు చెప్పమని ఖాదర్‌తో అన్నాను. అతను మొహమాటపడి చెప్పకుండా ఊరుకుంటాడేమోనని, తెర మీది కాగితంలో ఆ చివరి వాక్యాన్ని చూపించి, నా వైపు నేను వేలు పెట్టి చూపించుకున్నాను. ఆమెకు అర్థమైంది. నవ్వలేదు, కోప్పడనూ లేదు. ముందు బాగుచెయ్యి అన్నట్టు తెర వైపు గడ్డం ఊపింది.

ఎర్ర గుర్తు తీసేసి ప్రోగ్రాం తెరిచాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఫరీదా పేరు పక్కన పచ్చ చుక్క వచ్చింది. ఆ రోజు శుక్రవారం కావడం నా అదృష్టం. గంగారాం నా వెనకాల గట్టిగా ఊపిరి వదిలాడు. "వచ్చింది మేడం, వచ్చింది," అన్నాడు.

ఫరీదా తెర మీద కనబడుతూనే రెండు చేతులతో విరుచుకుపడింది. నూర్జహాన్ అంతకు రెట్టింపు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నాకు ఒక్క సైగ అర్థం కాలేదు. ఖాదర్ కూడా అందుకోలేకపోతున్నానన్నాడు, తిట్టుకోవడం మాత్రం ఖాయమన్నాడు. ఉన్నట్టుండి ఫరీదా పక్కకు వంగి ఒక కాగితం తీసి కెమెరాకు దగ్గరగా పట్టుకుంది. అంచులు నలిగి, మడతలు పడి ఉంది. అందులో వరుసగా అంకెలు. భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు. పెళ్ళికూతురి కొలతలు. రెడీమేడ్ ఆలోచన మానుకుని, మూడు శుక్రవారాలుగా ఆ కాగితం పట్టుకుని చెల్లెలి కోసం కూర్చుందట.

నూర్జహాన్ వెంటనే కళ్ళు తుడుచుకుని, మిషను మీద నుంచి టైలర్ చాక్ తీసుకుని, చేతికి దొరికిన గుడ్డముక్క మీద ఆ అంకెలు రాసుకోవడం మొదలుపెట్టింది. ఒక అంకె దగ్గర ఆగి, అది తప్పు, మళ్ళీ కొలవమని అక్కకు సైగ చేసింది. అది మాత్రం నాకు అర్థమైంది. నా గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. మేం బయటికి వస్తుంటే ఆమె తల తిప్పి కూడా చూడలేదు, దానికి నేనేమీ అనుకోలేదు.

మర్నాడే కౌంటరులో కాగితం తీయించి, పట్టుకెళ్ళినవాళ్ళందరికీ ఫోన్లు చేయించాను. పోలిక మళ్ళీ మొదలుపెట్టాను. మొదటిసారి నేను కంప్యూటర్లను ఒకదానికొకటి నేరుగా కలిపి పరీక్షించాను. ఇళ్ళలో మధ్యన మా మోడెం ఉంటుంది; అడగకుండా బయటి నుంచి వచ్చేవాటిలో చాలావాటిని అదే ఆపేస్తుంది. ఆ సంగతి నాకు తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు. ఈసారి ఒక కొత్త గడి చేర్చాను: ఇది ఎన్ని ప్రశ్నలు అడుగుతుంది, ఇంట్లో వాటికి జవాబు చెప్పేదెవరు? ఆ గడితో చూస్తే వరుస తలకిందులైంది. మామూలు ఇళ్ళకు యాంటీవైరస్ ఒక్కటే, దానికి తోడు కంప్యూటర్‌తో వచ్చిన ఐదో నంబరు ఫైర్‌వాల్ చాలు, మోడెం పాస్‌వర్డు మాత్రం తప్పక మార్చుకోండి అని రాశాను. దొంగచాటుగా బయటికి పోయేదాన్ని ఐదో నంబరు పట్టదని కూడా దాచకుండా రాశాను. నాలుగో నంబరు చెడ్డది కాదు. దాన్ని ఎక్స్ఛేంజిలో నా కంప్యూటర్‌కు వాడుకున్నాను.

అంటించే ముందు ఆ కాగితం గంగారాం చేత నూర్జహాన్‌కు పంపాను, అర్థం కాని చోట గీత పెట్టమని. పెళ్ళి నుంచి తిరిగి వచ్చాక ఆమె దాన్ని వెనక్కి పంపింది. టైలర్ చాక్‌తో రెండు గీతలు ఉన్నాయి. ఆ రెండు వాక్యాలూ మార్చాను. డి.ఇ. గారికి జరిగింది జరిగినట్టు రిపోర్టు పంపితే, పద్ధతి మారినందుకు కారణం ఫైలులో ఉంచమన్నారు.

పదవీ విరమణ దాకా ఇంకా చాలా సూచనలు రాశాను. ప్రశ్న అడిగే యంత్రానికి మార్కులు వేసేముందు ఆ ప్రశ్న ఎవరి ముందు పడుతుందో చూడాలని బాన్సువాడలో తెలుసుకున్నాను. ఆ తర్వాత నేను రాసిన ఏ కాగితమూ, దాన్ని పాటించబోయే మనిషి ఒకరు చదివి గీతలు పెట్టకుండా గోడ ఎక్కలేదు.