ఐసు అడుగున నిలిచిన నీళ్లు

2002 వేసవి. వేటపాలెం దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్‌ని. ఆ రోజు స్టోర్ రూం డ్రెయిన్‌లో గోనెసంచి కుక్కింది నేనే. అది మొదటి తప్పు. దాన్ని దాచడం రెండోది, అదే పెద్దది.

ఉప్పునీటి ట్యాంకులో ముంచిన డబ్బాల్లో గడ్డకట్టిన ఐసు దిమ్మలను క్రేన్‌తో పైకి తీసి, స్టోర్ రూంలో చెక్క పట్టీల మీద పేరుస్తాం. ఒక్కో దిమ్మ మనిషి కన్నా బరువు. కరిగిన నీళ్లు పోవడానికి నేల తలుపు వైపు కాస్త వాలుగా ఉంటుంది. ఆ చివర డ్రెయిన్. ఆ వారం కరెంటు కోతలు ఎక్కువ. డ్రెయిన్ గుండా వడగాలి లోపలికి వస్తోందని దాన్ని మూసేశాను. నీళ్లు ఎటు పోతాయో ఆలోచించలేదు.

మధ్యాహ్నం చేపలవాళ్ల లారీ వచ్చింది. ఇరవై ఏళ్లుగా దిమ్మలు లాగుతున్న హమాలీ సుభానీ తలుపు తీసి, లోపలికి చూసి ఆగిపోయాడు.

"సార్, అడుగున నీళ్లు నిలబడ్డాయండి. చెక్కలు మునిగినాయి. ముందు నీళ్లు పోనివ్వండి."

"ఐసన్నాక నీళ్లు రాక పాలొస్తాయా? లారీ ఆగుంది, లాగు."

"కాలితో తోస్తే దిమ్మ కదులుతోందండి. ఎప్పుడూ ఇట్టా కదల్లేదు."

"భయమైతే ఇంటికెళ్లి ఆడాళ్లతో కూచుని జీడిపప్పు ఒలుచుకో."

పక్కనున్న హమాలీలు నవ్వారు. సుభానీ కొక్కెం తీసుకుని లోపలికెళ్లాడు. ముందున్న దిమ్మ లాగగానే వెనకున్న వరసంతా ఒక్కసారిగా, దాదాపు చప్పుడే లేకుండా, తలుపు వైపు జారింది. అతని కుడి పాదం గోడకూ దిమ్మకూ మధ్య నలిగిపోయింది.

అతన్ని చీరాల ఆసుపత్రికి పంపాక నేను మొదట చేసిన పని గోనెసంచి లాగి పారేయడం. యజమాని అడిగితే, "చూసుకోకుండా లాగాడండి" అన్నాను. ఆ మాటతో సుభానీ పని పోయింది. అజాగ్రత్త మనిషని పక్క ఫ్యాక్టరీల వాళ్లు కూడా అతన్ని పిలవలేదు.

డిసెంబరులో ఒక జాగ్రఫీ లెక్చరర్ తన విద్యార్థులకు ఐసు తయారీ చూపించడానికి వచ్చారు. స్టోర్ రూం ముందు నిలబడి ఆవిడ హిమానీనదాల గురించి చెప్పారు. కొండల మీది ఆ మంచు తన బరువుకే మెల్లగా కిందికి కదులుతుందట. పైన కరిగిన నీళ్లు పగుళ్లలోంచి దిగి అడుగుకి చేరతాయట.

"అక్కడ నీళ్లకి దారి దొరక్కపోతే ఒత్తిడి పెరిగి, మంచుకి రాతి మీద పట్టు తగ్గుతుంది. జారడం ఎక్కువవుతుంది. నీళ్లు కాలువ తొలుచుకుని బయటపడితే మళ్లీ నెమ్మదిస్తుంది. ఎన్ని నీళ్లున్నాయన్నదే కాదు, పోయే దారుందా లేదా అన్నది చూడాలి" అని, నా వైపు తిరిగారు. "మీ దగ్గర ఇలాంటిదేమైనా జరిగిందాండీ?"

"లేదండీ" అన్నాను.

ఆవిడ చెప్పినదాన్ని సుభానీ ఆ రోజే కాలితో తోసి చూసి నాకు చెప్పాడు. ఇక ఆ 'లేదు' మోస్తూ ఉండలేకపోయాను.

సాయంత్రం అతని ఇంటికెళ్లాను. అరుగు మీద కూర్చుని నేతవాళ్ల కోసం రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు. పక్కన చేతికర్ర. గోనెసంచి సంగతి చెప్పాను. అతను రాట్నం ఆపలేదు.

"తెలుసండి. కింద పడున్నప్పుడు ఆ గోనె కనపడింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పానండి. మీ మాట ముందు నా మాట ఎవరు వింటారు?" కండె మార్చుకుని, "నాకు తెలిసింది నాకే చెప్తే ఏం లాభం సార్? ఆ రోజు నవ్వినోళ్లకి చెప్పండి" అన్నాడు.

మర్నాడు పొద్దున యజమానిని పిలిచి, టీ తాగుతున్న హమాలీలందరి ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్లలో పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఏడు నెల్లు నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అన్నాడు.

దిమ్మల దగ్గర పనిచేసే మనిషి ఆగాడంటే మిగిలినవాళ్లం కూడా ఆగాలి. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే, అదీ ఇంకొకరి పాదం నలిగాక. యజమాని నన్ను సూపర్‌వైజర్ పనిలోంచి తీసేసి హమాలీల్లో వేశారు. సుభానీని స్టోర్ రూం మేస్త్రీగా పెట్టమని బతిమాలితే ఒప్పుకున్నారు. అతను వంగి, అడుగున చెయ్యి పెట్టి చూసి, "ఊఁ, లాగండి" అనేవాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు, ఆ మాట విన్నాకే నేను దిమ్మకి కొక్కెం వేశాను.