జాబితాలోంచి కొట్టేయించిన బావి

మా బాపుది కామారెడ్డిలో కిరాణా దుకాణం. చెప్పిన ధరకు ఒప్పుకుని ఇంటికొస్తే మావాళ్లు అన్నం పెట్టేవారు కాదు. తొంభైల్లో నేను ఎల్లారెడ్డి దారిలోని ఒక అట్టల ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసేవాణ్ణి.

ఒకరోజు మేనేజర్ పిలిచాడు. "పర్యావరణం ఆడిట్ చేసేతందుకు పట్నం సారు వస్తుండు. నువ్వే ఉండు. నీకు నోరున్నది గద."

పర్యావరణమంటే ఏమిటో సరిగా తెలియదు. ఆ సారు రెండు రోజులు మురుగు కాలువ చివరిదాకా తిరిగి పదకొండు లోపాలు రాశాడు. జాబితా చూడగానే నా నాలుక దురదపెట్టింది.

"పదకొండా సార్! నాలుగు చేసుకోండ్రి."

"ఇవేమన్నా టమాటలా?"

"సరే, మీ మాట వద్దు, నా మాట వద్దు. అయిదు."

మూతల్లేని రసాయనాల డ్రమ్ములకు రేపే మూతలు పెట్టిస్తామన్నాను, ఒకటి పోయింది. అట్లా ఒక్కొక్కటీ తగ్గిస్తూ వచ్చాను. మా కాలువ నీళ్లు పక్క పొలంలోని బావిలోకి ఇంకుతున్నట్టు అనుమానమని రాశాడు. "అనుమానానికి పరీక్షేది సార్?" అన్నాను. అదీ కొట్టేశాడు. అయిదుకు తెగింది. మేనేజర్ నా వీపు తట్టాడు.

సాయంత్రం గేటు దగ్గర ఆ బావి గల అవ్వ నిలబడి ఉంది.

"నా బాయి సంగతి సారు రాసిండట గద బిడ్డా? ఎప్పుడు బాగైతది? బర్రె మూతి వెట్టి మర్లిపోతున్నది."

బేరమంటే అమ్మేవాడు, కొనేవాడు. ఈమె ఎవరు? నేను తగ్గించింది ఎవరి సొమ్ము?

ఆమె బావి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని బస్టాండుకు ఉరికాను. ఆడిటర్ కామారెడ్డి బస్సు కోసం చూస్తున్నాడు.

"సార్, ఆరు చేయండ్రి."

"తగ్గించిందీ మీరే, పెంచమనేదీ మీరే! అసలు మీరు కంపెనీ మనిషేనా?"

నాకూ తెలియలేదు. సీసా అందించాను. ఆయన మూత తీసి వాసన చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పరీక్షకు పంపుతానని చీటీ అంటించి, తెచ్చినవాడిగా నాతో సంతకం పెట్టించాడు. జాబితాలో ఆరోది చేర్చాడు.

తిరిగొచ్చేసరికి మేనేజర్ గదిలోనే ఉన్నాడు. విషయం చెప్పాను.

"ఎవని దిక్కు మాట్లాడినవ్రా నువ్వు? పోయి ఆ ఆరోది తీసేపియ్యి!"

"బస్సు పోయింది సార్," అన్నాను. "కాలువకు సిమెంటు ఎన్ని బస్తాలు పడతయో చెప్పుండ్రి, బేరం చేసుకొస్త."