దింపుడు కళ్లం దగ్గర మా నాన్న

మా నాన్న యుద్ధంలో ఏం చేశాడో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నేవీలో ట్రాన్స్‌పోర్ట్ ఓడ మీద పనిచేశాడని కాగితాల్లో ఉంది. మాచవరం పక్కన మా ఊళ్లో ట్రాన్స్‌పోర్ట్ అంటే మిరపకాయ టిక్కీ బస్తాలు ఎక్కే లారీలే కాబట్టి, ఆయన మిలిటరీలో లారీ తోలాడని ఊరంతా నమ్మింది. ఆయనా కాదనలేదు. నేను అడిగితే ఒకసారి బియ్యం బస్తాలు మోశామనేవాడు, ఇంకోసారి జవాన్లను ఎక్కించి దించామనేవాడు. బంగ్లాదేశ్ యుద్ధమంటే ఇంతేనా అని విసుగొచ్చి అడగడం మానేశాను.

కిందటేడు మా పెదనాన్న పోయాడు. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలే. తలకొరివి పెట్టాల్సింది తమ్ముడైన మా నాన్నే. శ్మశానానికి వెళ్లే దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడేమోనన్న చివరి ఆశతో అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది.

"అన్నా అని పిలువయ్యా" అన్నారు పెద్దలు.

మా నాన్న వంగాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు. పిలవలేదు. లేచి నిలబడి "ఎత్తండి" అన్నాడు. నలుగురిలో నాకు తల కొట్టేసినట్టయింది.

మేం స్నానాలు చేసి వచ్చేసరికే ఆ సంగతి పెద్దమ్మ చెవిన పడింది. అప్పటినుంచి ఆమె మా నాన్నతో మాట్లాడదు. రెండిళ్లకూ మధ్య ఉన్నది పిట్టగోడ ఒక్కటే. మరిదికి పెట్టకుండా కూర గిన్నె దించని మనిషి, అటువైపు చూడటం కూడా మానేసింది.

ఈమధ్య సంవత్సరీకం దగ్గరపడింది. మరిది చేతుల మీదుగా వద్దని, అల్లుడితో చేయించుకుంటానని పెద్దమ్మ కబురు పంపింది. మా నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు కోపం ఆగలేదు.

"అసలెందుకు పిలవలేదు నువ్వు? మీ ఇద్దరికీ ఏమన్నా తగాదా ఉందా?" అని అరిచాను.

ఆయన ఓడ సంగతి ఎత్తాడు. నేనడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి అనుకున్నాను.

"తిరిగొచ్చేటప్పుడు దెబ్బలు తగిలినోళ్లని ఎక్కించుకొచ్చేవాళ్లంరా. ఒకాయన పోయాడని డాక్టరు దుప్పటి కప్పేశాడు. నేనూ ఇంకొకడూ స్ట్రెచర్ మీద మోసుకొస్తా మెట్ల కాడ దించాం. మనూరి అలవాటు గదా, దించినాక ఊరికే ఉండబుద్ధి కాలా. పేరు తెలీదు, బాస తెలీదు. అన్నా అని మూడుసార్లు పిలిచా."

"అయితే ఏంది?"

"ఊ అన్నాడురా."

అరవడం ఆపి ఆయన పక్కన కూర్చున్నాను.

"డాక్టరుని లాక్కొచ్చేసరికి మళ్లీ పోయాడు. నేను పిలవకుంటే ఒక్కసారే పోయేవాడు. మా అన్నని రెండుసార్లు ఎట్టా పోనిచ్చేది?"

అది నిజంగా జరిగిందో, పంతొమ్మిదేళ్ల వయసులో భయానికి అలా వినపడిందో నాకు అర్థం కాలేదు. బియ్యం బస్తాల ఓడా ఈ ఓడా ఒకటేనో కాదో కూడా తెలియలేదు. నమ్మాలనే ఉంది, నమ్మితే ఇంకా భయంగా ఉంది. ఏదైతేనేం, ఈ మాట వింటే పెద్దమ్మ కరుగుతుందనిపించి అప్పటికప్పుడే వెళ్లాను.

ఆమె వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చెప్పిందంతా తలెత్తకుండా వింది.

"ఆ మనిషి పలికాడంటనా?" అంది.

"ఊ అన్నాడంట పెద్దమ్మా. అందుకే పాపం నాన్న..."

చేతిలో కాయ అలాగే పట్టుకుని నా వైపు చూసింది. ఆ కళ్లలో జాలి ఉందని ముందు పొరబడ్డాను.

"ఊళ్లో అందరూ ఆచారానికి పిలుస్తారు. పిలిస్తే పలుకుతారని తెలిసినోడు మీ నాన్న ఒక్కడే గదరా" అంది. "ఆయనే పిలవకపాయె."