పంక్తిభేదం లేని చేప పిల్లలు

కడుపు నిండా తిండి పెట్టి మనిషి థీసిస్ ముంచొచ్చని మీకెవరికైనా తెలుసా? నాకు పోయిన నెల తెలిసింది. టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

నా రీసెర్చ్ బొచ్చె చేప పిల్లల మీద కదా. అప్పుడే గుడ్డులోంచి వచ్చినవి, కంటికి ఆనవు. ఒక తొట్టి పిల్లలకి శెనక్కాయ నూనె కలిపిన మేత, ఇంకో తొట్టికి కాడ్ లివర్ ఆయిల్ కలిపిన మేత. ఆ సముద్రపు చేప నూనెలో ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాలు శెనక్కాయ నూనెలో లేవు. అవి అందని పిల్లలు బక్కగా, మందకొడిగా ఉంటాయని నేను చూపించాలి. తేడా కనబడితేనే నా చాప్టరు టైపింగుకు పోతుంది. వానాకాలం దాటితే మళ్లీ గుడ్లు దొరకవు, ఏడాది పోయినట్టే.

ల్యాబులో నీళ్లు రాక రెండు తొట్లూ తిరుపతిలో మా ఇంటి వసారాకి తెచ్చుకున్నాను. అంతలో సత్యవేడులో మా చిన్నాన్న కూతురి పెళ్లి. మేత వేసే పని మా అత్తమ్మకి అప్పజెప్పాను. ఎర్ర మూత డబ్బా ఈ తొట్టికి, తెల్ల మూత డబ్బా ఆ తొట్టికి అని చెప్పి ఊరుకోవచ్చు కదా! నా నోరు ఊరుకుంటుందా? తెల్ల డబ్బాలో బలమైన నూనె ఉందనీ, ఎర్ర డబ్బా పిల్లలు పాపం సరిగా ఎదగవనీ లెక్చరిచ్చి మరీ బస్సెక్కాను.

పది రోజులకి తిరిగొచ్చి చూస్తే రెండు తొట్లలోనూ పిల్లలు పోటీలు పడి ఈదుతున్నాయి. ఏది ఏ తొట్టో నాకే తెలియలేదు. అడిగితే అత్తమ్మ ఏమీ దాచలేదు.

"రెండు డబ్బాలూ కలిపి రెండిటికీ సమంగా ఏసినాను పాపా. పక్కపక్కన కూసోబెట్టి ఒకరికి నెయ్యి, ఒకరికి నీళ్ల మజ్జిగా? పంక్తిభేదం మహా పాపం. నా సేత్తో నేను సెయ్యలేను."

ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కసురుకుందామని నోరు తెరిచాను. కానీ నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ మా ఆడబిడ్డ కంచంలో ఎంత నెయ్యి పడుతుందో నా కంచంలోనూ అంతే పడుతోంది. వడ్డించేది ఆ చెయ్యే. ఏమని తిట్టను? వెళ్లి అన్నానికి కూర్చున్నాను.

సోమవారం మా గైడు గారు వచ్చి తొట్లలోకి చాలాసేపు చూశారు. "తేడా యాడుండాది తల్లీ?" అన్నారు. మా ఇంట్లో తేడాలు చూపించరు సార్ అని ఎలా చెప్పను? మేతలు కలిసిపోయాయన్నాను. వానలింకా పోలేదు, మళ్లీ మొదలుపెట్టమన్నారు.

మొదలుపెట్టాను. ల్యాబుకి నీళ్లొచ్చాయి, ఈసారి అక్కడే. అత్తమ్మ అటు రాదు. మేత నేనే వేస్తున్నాను. ఎర్ర డబ్బా పిల్లలు అప్పుడే మందగించాయి. నేను కోరుకున్నదీ అదే. నిన్న మధ్యాహ్నం వాటి పక్కన కూర్చుని టిఫిన్ క్యారియర్ తెరిచాను. అత్తమ్మ కలిపి పంపిన నేతి అన్నం.

ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని. చేప పిల్లలు చూస్తాయని గోడ వైపు తిరిగి తిన్నాను.